భంగు తాగి విన్న ధ్రుపదం: నాకు వినబడింది రాగమా, రైల్లో విన్న మాటా?

కపిలతీర్థం (ప్రశ్న):

మిత్రులకు నమస్కారం. నేను తిరుపతివాడిని. చిన్నతనంలో ఆరేళ్లు మృదంగం నేర్చుకుని, ఉద్యోగంలో చేరాక దాన్ని అటక ఎక్కించినవాడిని. మొన్నటి మహాశివరాత్రికి ఇద్దరు స్నేహితులతో కాశీ వెళ్లాను. ఆ రోజుల్లో అక్కడి తులసీ ఘాట్‌లో హిందుస్తానీ సంగీతంలోని పాత గానశైలి ధ్రుపదం కోసం, ధ్రుపద్ మేళా పేరిట రాత్రిళ్లు కచేరీలు జరుగుతాయి. స్నేహితుల్లో ఒకడు అంతకుముందు రెండుసార్లు వెళ్లివచ్చాడు. రైల్లో అతను, "భంగు తాగి ఆలాపన వింటే స్వరానికీ స్వరానికీ మధ్యనున్న ఖాళీ కూడా వినబడుతుందిరా" అన్నాడు. ఆ మాట నా మనసులో ఎంతగా నాటుకుందంటే, దిగేలోపు కనీసం పదిసార్లు తలచుకుని ఉంటాను.

శివరాత్రి సాయంత్రం లైసెన్సు ఉన్న దుకాణం దగ్గర ముగ్గురం భంగు (గంజాయి మొక్క ఆకు ముద్ద) కలిపిన తండాయి అనే పాల పానీయం తాగి, నడుచుకుంటూ ఘాట్‌కు చేరి, మెట్ల మీద కూర్చున్నాం. ఆలాపన సాగుతోంది. తాగి పావుగంట అయిందో లేదో, స్నేహితుడు చెప్పినట్టే జరిగింది. గాయకుడు ఒక స్వరం నుంచి మరో స్వరానికి వెళ్తున్న దారి అంతా, ఏటి మీద పడవ జరుగుతున్నంత స్పష్టంగా నాకు తెలిసింది. కర్ణాటక సంగీతం మధ్య పెరిగినవాడినే అయినా అంత నెమ్మదైన పాటను అంత ఇష్టంగా నేను ఎన్నడూ వినలేదు. తరువాత పఖావజ్ (మృదంగం లాంటి వాద్యం) అందుకుంది. సుమారు రెండు గంటలు గడిచాక మాత్రం నోరు ఎండిపోయింది, గుండె దడదడలాడింది, తాళంలో ఒక్కొక్క ఆవృతం (ఒక పూర్తి చుట్టు) ఎంతకీ ముగియనట్టు అనిపించి లోలోపల భయపడ్డాను. ఆ భయంలోనూ ఒక విచిత్రం ఉంది. జీవితంలో ఎన్నడూ లేనంత ఖచ్చితంగా తాళం వేస్తున్నానని ఆ సమయంలో నాకు గట్టి నమ్మకం కలిగింది.

తిరిగి వచ్చాక, అదే గాయకుడి పాత రికార్డింగు ఒకటి సంపాదించి, ఒక ఆదివారం రాత్రి మేడ మీద, ఏమీ తాగకుండా విన్నాను. పది నిమిషాల్లో ఆవలింతలు వచ్చాయి.

నా ప్రశ్న ఇది. ఆ రాత్రి నాకు వినబడినదాంట్లో భంగు పని ఎంత, పాట గొప్పతనం ఎంత, రైల్లో నా చెవిలో పడిన మాట ఎంత? వీటిని విడదీయడానికి మార్గం ఏమైనా ఉందా? మత్తు మంచిదా చెడ్డదా అన్న చర్చ నేను కోరడం లేదు. మళ్లీ తాగే ఉద్దేశం కూడా లేదు.

ఫార్మసీ మాస్టారు (జవాబు):

కపిలతీర్థం గారూ, మీరు రాసినదాంట్లో నా కంటికి ముందుగా ఆనినవి సమయాలు. పొగ రూపంలో పీల్చిన గంజాయి నిమిషాల్లో మెదడును చేరుతుంది గాని, తాగిన భంగు అలా కాదు. అందులో మత్తెక్కించే పదార్థమైన టీహెచ్‌సీ కడుపు, పేగులు, కాలేయం దాటుకుని రక్తంలో కలవాలి. దీనికి సాధారణంగా అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, కడుపు నిండా తిని ఉంటే ఇంకా ఆలస్యం అవుతుంది. కాలేయం దాన్ని 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీ అనే మరో పదార్థంగా మారుస్తుంది, అది కూడా బలంగా మత్తెక్కించేదే. కాబట్టి పావుగంటలో మీకు తెరుచుకున్న స్వరాలకు భంగును కారణంగా చూపడం కష్టం. రెండు గంటల తరువాత వచ్చిన నోటి ఎండు, గుండె దడ, సాగిపోయిన కాలం మాత్రం పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. గడిచిన సమయాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా అంచనా వేయడం టీహెచ్‌సీ ప్రభావాల్లో బాగా తెలిసినది.

విడదీయడానికి మార్గం ఉందా అని అడిగారు. పరిశోధకులు అనుసరించే పద్ధతి ఒకటి ఉంది. మనుషులను నాలుగు గుంపులు చేస్తారు: మత్తు ఉందని చెప్పి నిజంగానే ఇచ్చినవారు, ఉందని చెప్పి ఇవ్వనివారు, లేదని చెప్పి ఇచ్చినవారు, లేదని చెప్పి ఇవ్వనివారు. 1973లో అలన్ మార్లట్ బృందం వోడ్కా, టానిక్ నీళ్లతో ఈ పద్ధతిలో పరీక్ష చేసింది. తాగుడుకు బానిసలైనవారు సైతం ఎంత తాగారన్నది గ్లాసులో ఉన్నదాన్ని బట్టి కాకుండా, గ్లాసులో ఉందని తమకు చెప్పినదాన్ని బట్టి మారింది. గంజాయితో ఈ పరీక్ష చేయడం కష్టం, ఎందుకంటే లేదని చెప్పి ఇచ్చినా కాసేపటికి గుండె వేగమే గుట్టు విప్పేస్తుంది. అయినా 1970ల ఆరంభంలో రీస్ జోన్స్ అనే వైద్యుడు, టీహెచ్‌సీ తీసేసిన గంజాయి చుట్టలు ఇచ్చి చూశాడు. వాసన అదే, రుచి అదే. వాటితో మత్తు ఎక్కిందని ఎక్కువగా చెప్పినవారు కొత్తవారు కాదు, బాగా అలవాటున్నవారు. వాసన తగలగానే తరువాత ఏం జరగాలో వారి ఒంటికి ముందే తెలుసు. మీరు అలవాటున్నవారు కాకపోయినా, రైల్లో ఒక రాత్రంతా మీకు ఆ వాసనే మాటల రూపంలో అందింది.

మరో విషయం కూడా చెప్పాలి. మత్తు సంగీతానందాన్ని పెంచుతుందన్నది వాడేవారి మాటల్లో బలంగా వినిపిస్తుంది. 1971లో చార్లెస్ టార్ట్ 150 మంది అలవాటున్నవారిని ప్రశ్నించినప్పుడు, ధ్వనుల్లో సూక్ష్మమైన తేడాలు తెలుస్తాయని చెప్పినవారే ఎక్కువ. కాని 2018లో లండన్‌లో 16 మందికి పాటలు వినిపిస్తూ మెదడు స్కానింగు చేస్తే, సీబీడీ (గంజాయిలోనే ఉండే, మత్తెక్కించని మరో పదార్థం) లేని గంజాయి తీసుకున్నప్పుడు, ఆనందానికీ భావావేశానికీ సంబంధించిన భాగాలు సంగీతానికి స్పందించడం తగ్గింది. పదహారు మంది అంటే చిన్న సంఖ్యే. అయినా, అనుభవించామని చెప్పేదీ మెదడులో కనబడేదీ ఒకటే అయి తీరాలని లేదని గుర్తు చేయడానికి సరిపోతుంది.

ఇది మీకు కాదు గాని, చదివే కుర్రవాళ్ల కోసం రాస్తున్నాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత, కాయ ఉన్న కొనలను గంజాయిగా నిర్వచించి, కొనలు లేని విడి ఆకును ఆ నిర్వచనంలోకి తేలేదు; కాశీలో భంగు దుకాణానికి లైసెన్సు దొరికేది అందుకే. ఇక్కడ గంజాయి పొట్లంతో ఆ ప్రయోగం చేస్తే అది నేరం. ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన మానసిక వ్యాధి ఉంటే భంగుకు కూడా దూరంగా ఉండటం మేలు.

గాత్రం టీచరమ్మ (జవాబు):

మాస్టారు గారి లెక్కలతో నాకు పేచీ లేదు. కాని వారు ఎదురుచూపును పొరపాటు కింద జమకట్టి, అసలు అనుభవంలోంచి తీసివేయవలసిన పద్దుగా రాశారు. సంగీతంలో ఎదురుచూపును తీసేస్తే మిగిలేది ఏమిటి? కల్యాణి పాడేటప్పుడు మధ్యస్థాయి నిషాదం మీద నిలబడి, పై షడ్జం ఇదిగో వస్తున్నదన్నట్టు చూపించి, ఇవ్వకుండా వెనక్కి దిగితే సభలో తలలు ఊగుతాయి. షడ్జం కోసం ఎదురుచూడనివాడికి అక్కడ ఏమీ జరగలేదు. తనియావర్తనంలో, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టంలో, చివరి జతులైన మోహరా, కోర్వై ముగిసి పల్లవి ఎత్తుగడ ఎక్కడ పడుతుందోనని మీరు ఊపిరి బిగబట్టి ఉంటారు గదా, కపిలతీర్థం గారూ. అది కూడా అంతే. ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. నేను పిల్లలకు నేర్పింది పాడటం సగమే, మిగిలిన సగం దేని కోసం ఎదురుచూడాలో నేర్పడం.

ఇప్పుడు మీ స్నేహితుడి మాట చూడండి. స్వరానికీ స్వరానికీ మధ్యనున్న ఖాళీ వినబడుతుందన్నాడు. ధ్రుపద ఆలాపనకు ఇంతకంటే మంచి పాఠం నేనైనా చెప్పలేను. అక్కడ స్వరం కంటే, స్వరం నుంచి స్వరానికి తెగకుండా సాగే మీండ్ ముఖ్యం. మనం జారు అంటామే, దానికి దగ్గరి చుట్టం. మీది లయ చెవి, ఆరేళ్లు దెబ్బ కోసం ఎదురుచూసిన చెవి. దెబ్బలు లేని ఆలాపనలో ఆ చెవికి పట్టుకొమ్మ ఉండదు, అందుకే ఇన్నాళ్లూ మీకు నెమ్మదైన పాట రుచించలేదు. ఆ స్నేహితుడు తనకు తెలియకుండానే చెవిని ఎక్కడ పెట్టాలో మీకు చూపించాడు. మీరు అక్కడ పెట్టారు, అక్కడ ఉన్నది వినబడింది. అది మీ ఊహ కాదు, పాటలో ఉన్నదే. మాట అబద్ధమైతే ఆ పావుగంటలో మీకు మరేదో వినబడి ఉండేది.

మేడ మీద ఆవలింతలు ఎందుకు వచ్చాయంటే, ఆ ఆదివారం రాత్రి మీరు పాట కోసం కాదు, కాశీ కోసం కూర్చున్నారు. గంగ లేదు, మెట్లు లేవు, నిద్ర మేల్కొన్న జనం లేరు. లేనిదాన్ని వెతుకుతున్న చెవికి ఉన్నది వినబడదు.

ఎదురుచూపు దారి తప్పితే ఏమవుతుందో చెప్పే సంగతి కూడా ఒకటి ఉంది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం జరిగిన కచేరీలో రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ తీగలు శ్రుతి చేసుకోవడం ముగించగానే వేలమంది చప్పట్లు కొట్టారు. శ్రుతి చేయడమే ఇంత నచ్చితే వాయింపు ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ నవ్వుతూ అన్నారు. తూర్పు దేశపు తంత్రీనాదం అంటేనే ఏదో లోకాతీతమన్న భావంతో కూర్చున్నవారికి ఏ మోత అయినా ఒకటే. మత్తులో తన సంగీతం వినవద్దని ఆయన ఆ రోజుల్లో శ్రోతలను పదేపదే కోరారు కూడా.

ఇంత దూరం వెళ్లనక్కరలేదు, మన ఊరి సంగతే చూద్దాం. అన్నమయ్య కీర్తన వింటూ, అయిదు వందల ఏళ్ల నాటి బాణీ చెవిని పడుతోందని కళ్లు చెమర్చేవారిని మహతి ఆడిటోరియంలో ఎంతోమందిని చూశాను. రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. మనం వినే బాణీల్లో చాలా వరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు 20వ శతాబ్దంలో కట్టినవి. ఈ సంగతి చెప్పినప్పుడు కొందరి ముఖం చిన్నబోతుంది. అంతకుముందు కారిన కన్నీళ్లు అబద్ధమని మాత్రం నేను అనలేను. వారు తాగినదల్లా తీర్థమే.

తాతయ్యగుంట (జవాబు):

టీచరమ్మ గారు చెప్పినదాన్ని సమాజశాస్త్రం వైపు నుంచి 1953లోనే ఒకాయన రాశాడు. షికాగోలో రాత్రిళ్లు పియానో వాయిస్తూ చదువుకున్న హోవర్డ్ బెకర్, గంజాయి వాడే 50 మందితో మాట్లాడి ఒక వ్యాసం ప్రచురించాడు. వాడేవాడు మూడు నేర్చుకుంటాడని ఆయన వాదన: సరిగా పీల్చడం, ఒంట్లో కలుగుతున్న మార్పును మత్తుగా గుర్తించడం, ఆ మార్పు సుఖమని ఒప్పుకోవడం. రెండోదీ మూడోదీ పక్కనున్న అనుభవజ్ఞులు నేర్పితేనే వస్తాయి. తల తిరగడం, దాహం, గంట నిమిషాల్లా నిమిషం గంటలా తోచడం వంటివి వాటంతట అవి సుఖాలు కావు. ఈ లెక్కన మీ భయం కూడా పూర్తిగా భంగుది కాదు. దడ భంగుది, దానికి భయమని పేరు పెట్టింది మీరు. ఆ క్షణాన మీ స్నేహితుడు భుజం తట్టి, ఇదే అసలు మజా అని ఉంటే మీ ప్రశ్న ఇక్కడికి వేరే రూపంలో వచ్చేదేమో.

నాకు మాత్రం మన గంగమ్మ జాతర గుర్తుకు వస్తోంది. చాటింపు వేసిన నాటి నుంచి ఊరంతా ఒక రకమైన సంసిద్ధతలోకి వెళ్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ రోజులు గడిచేకొద్దీ అది చిక్కబడుతుంది. పంబల మోత దగ్గరైనప్పుడు మా వీధిలో ఒకావిడకు ఏటా పూనకం వచ్చేది. ఆమె చేత వేపమండలు పట్టించి, పసుపునీళ్లు పోసి, ఏం కావాలో చెప్పు తల్లీ అని అడిగేవాళ్లం. ఆమె పక్కనే నిలబడి అదే మోత వింటున్న నాకు కాళ్లు నొప్పి పుట్టడం తప్ప మరేమీ జరిగేది కాదు. అదే ఆవిడ ఆషాఢంలో క్యాసెట్ల కొట్టు ముందు అదే పంబల మోత లౌడ్‌స్పీకర్‌లో వినబడుతుంటే, వంకాయలు బేరం చేస్తూ నిలబడి ఉండేది. సంగీతం తనంతట తాను ఆవేశం తెప్పించదని, ఆ మోతకు ఆ స్థితి రావాలన్న ఒప్పందం ఆ సమాజంలో ముందే ఉంటుందని ఫ్రెంచ్ పరిశోధకుడు గిల్బెర్ రూజే 1980లో విస్తారంగా రాశాడు. ఆ ఒప్పందం గురించి చదవడానికి చాలా ఏళ్ల ముందే మా అమ్మ, వేపమండలు తీసుకురారా అని నన్ను పంపిస్తూ దాని మీద సంతకం పెట్టించింది.

చిత్తూరు కుర్రాడు (జవాబు):

పెద్దలందరికీ నమస్కారం. నేను ఇంజినీరింగు చదివే రోజుల్లో, హాస్టల్లో రెండేళ్లు గంజాయి తాగాను. గొప్పగా చెప్పుకోవడం లేదు, సాక్ష్యంగా చెప్తున్నాను. అంతా ఎదురుచూపే అన్నట్టు సాగుతున్న ఈ చర్చతో నేను సగమే ఏకీభవిస్తున్నాను. మొదటి రెండు సార్లు నాకు ఎంత ఆశ ఉన్నా ఏమీ కాలేదు, దగ్గు తప్ప. మూడోసారి ఎవరూ ఏమీ చెప్పకుండానే, ఎప్పుడూ పట్టించుకోని బేస్ గిటార్ ఒక్కటే పాటలోంచి విడివడి వినబడింది. పదార్థం చేసే పని కూడా ఒకటి ఉంది. అది ధ్యాసను ఒకచోట మేకు కొట్టినట్టు బిగిస్తుంది.

కాని ఎదురుచూపు వెనక్కి కూడా తిరుగుతుందన్న సంగతి ఇక్కడ ఎవరూ రాయలేదు. ఏడాది గడిచేసరికి, తాగకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పాట చప్పగా ఉంటుందని నాకు ముందే తెలిసిపోయేది, అలాగే ఉండేది కూడా. మానేశాక సుమారు ఆరు నెలలు ఏ పాటా ఎక్కలేదు. ఒంట్లోంచి మందు వెళ్లిపోవడానికి అన్ని నెలలు పట్టవని తరువాత డాక్టరు చెప్పాడు. అన్నా, మీకు మేడ మీద వచ్చిన ఆవలింత కూడా అటువంటిదే అయి ఉండవచ్చు. తాగలేదు కాబట్టి బాగుండదని మీరు ముందే తీర్పు రాసుకుని కూర్చున్నారేమో. నాకు తిరిగి పాట దొరికింది మా ఊరి ద్రౌపదమ్మ గుడి భారతంలో. అర్జునుడి వేషగాడు తపస్సు మాను (నాటిన పొడవాటి స్తంభం) ఎక్కుతూ ఒక్కొక్క మెట్టుకూ పద్యం అందుకుంటుంటే, నేను ఇంటికి పాలు తీసుకువెళ్తూ ఆగి, ఏ ఆశా లేకుండా విన్నాను. పాలు విరిగిపోయి ఇంట్లో తిట్లు తిన్నాను.

ఫార్మసీ మాస్టారు (జవాబు):

టీచరమ్మ గారి వాదనకు లొంగుతున్నాను. ఎదురుచూపును తీసివేతగా రాయడం నా వృత్తి అలవాటు. అయితే ఒక్క అంశం మిగిలే ఉంది. జీవితంలో ఎన్నడూ లేనంత ఖచ్చితంగా తాళం వేశానని కపిలతీర్థం గారు రాశారు. స్వరాల మధ్య ఖాళీ వినబడిందా లేదా అన్నది బయటివారు కొలవలేరు గాని, తాళాన్ని కొలవవచ్చు. ఆ రాత్రి ఎవరైనా వీడియో తీశారా?

కపిలతీర్థం (జవాబు):

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారూ, స్నేహితుడి ఫోనులో రెండు వీడియోలు దొరికాయి. అవి ఎప్పుడు తీసినవో సమయాలు కూడా అందులో నమోదై ఉన్నాయి. రెండింటిలోనూ పాట చౌతాళంలోనే ఉంది: 12 మాత్రలు (లెక్కలు), 1, 5, 9, 11 మీద చప్పట్లు, 3, 7 మీద ఖాళీ (చప్పట్లు లేని చేతి ఊపు). మొదటిది తండాయి తాగిన సుమారు 35 నిమిషాలకు తీసినది. అందులో నా చెయ్యి తొమ్మిది ఆవృతాల పాటు ఎక్కడా తప్పలేదు. రెండోది రెండు గంటల పది నిమిషాలకు తీసినది. అందులో మూడో ఆవృతం నుంచే నా చప్పట్లు వెనకబడి, అయిదో ఆవృతానికి సమ్ (ఆవృతంలో మొదటి మాత్ర) మీద పడవలసిన దెబ్బ రెండు మాత్రలు దాటి పడింది. పక్కనున్న పెద్దాయన ఒకరు నా చేతి వైపు చూసి, తల తిప్పుకోవడం కూడా కనబడుతోంది. ఎన్నడూ లేనంత ఖచ్చితంగా వేశానని నాకు గుర్తున్నది ఆ రెండో వేళే. మృదంగం నేర్పిన గురువుగారు చూస్తే ఏమంటారో ఊహించగలను కాబట్టి ఆ వీడియోను ఎవరికీ పంపవద్దని స్నేహితుడికి గట్టిగా చెప్పాను.

తాతయ్యగుంట గారి మాటను కూడా అతనితో ప్రస్తావించాను. ఆ సమయంలో భుజం తట్టకపోవడానికి కారణం, తనకూ అప్పుడు భయంగానే ఉండటమేనని, ఖాళీ వినబడుతుందని రైల్లో చెప్పింది అంతకుముందు ఎవరో తనకు చెప్పిన మాటేనని ఒప్పుకున్నాడు.

టీచరమ్మ గారికి ఒక విన్నపం. నిన్న రాత్రి అదే రికార్డింగు మళ్లీ పెట్టి, కాశీని వెతకకుండా, మీరు చెప్పిన జారు మీదనే చెవి పెట్టి కూర్చున్నాను. మొదటి ఏడెనిమిది నిమిషాలు నిలబడింది, తరువాత కింద వీధిలో ఆటో హారన్ మోగేసరికి జారిపోయింది. ఈసారి మీకు నచ్చిన ఆలాపన ఒకటి చెప్పండి. దాంట్లో ఏం వినబడుతుందో మాత్రం, నేను విని వచ్చి రాసేదాకా, చెప్పకండి.